కుళ్లడం గురించి పిల్లలకు ఎలా చెబుతున్నారు? గోడమీది పట్టికా, మట్టి డబ్బానా?

ఐదోక్లాసు_టీచర్
అందరికీ నమస్కారం. పదేళ్ల పిల్లలకు పరిసరాల పాఠం చెబుతాను. ఏ వస్తువు ఎన్నాళ్లకు మట్టిలో కలుస్తుందో చెప్పే పట్టిక మీ అందరికీ తెలిసిందే. పండు తొక్క ఇన్ని వారాలు, వార్తాపత్రిక 6 వారాలు, ప్లాస్టిక్ సీసా 450 ఏళ్లు, గాజు 10 లక్షల ఏళ్లు. పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా అప్పజెప్పేస్తున్నారు. ఒకమ్మాయి మాత్రం లేచి "450 ఏళ్లని ఎవరు చూశారు టీచర్?" అంది. ఈసారి పట్టిక తీసేసి నిజంగానే వస్తువులు పాతిపెట్టి చూపిద్దామని ఉంది. ఏవి పాతాలి, ఎంత లోతున, ఎలా కొలవాలి? చేసినవాళ్లు చెప్పండి.

సూక్ష్మలోకం
ఆ అమ్మాయికి ముందు ఒక చప్పట్లు. ఎవరూ చూడలేదు, చూసే వీలే లేదు. పాలిథీన్ బయటపడింది 1933లో. సీసాలకు వాడే పెట్ ప్లాస్టిక్‌కు పేటెంట్ 1941లో వచ్చింది, దానితో సీసా చేయడం 1970లలో మొదలైంది. అంటే ప్రపంచంలోని అతి పాత పెట్ సీసాకు కూడా ఇంకా వందేళ్లు నిండలేదు. 450 అన్నది అంచనా. 2020లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వార్డ్, రెడ్డి ఇలాంటి పట్టికల్లోని అంకెల మూలాలు వెతికారు. చాలావాటికి గట్టి ఆధారం దొరకలేదు.

నా దృష్టిలో పెద్ద చిక్కు అంకె తప్పొప్పులు కాదు, "ఎన్నాళ్లు" అన్న ప్రశ్నే. ఒక వస్తువు ఎన్నాళ్లకు కుళ్లుతుందనేది వస్తువు ఒక్కటే చెప్పలేదు. అది ఎక్కడ పడి ఉందో కూడా చెప్పాలి. ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిని 1922లో తెరిచినప్పుడు 3,300 ఏళ్ల నాటి నార బట్టలు దొరికాయి. అదే నార గుడ్డను తడిగా, వెచ్చగా ఉన్న తోట మట్టిలో పాతితే కొన్ని నెలల్లో పోగులు ఊడిపోతుంది. పట్టికలో "నార బట్ట" అన్న గడిలో ఏం రాయాలి? కొన్ని నెలలా, 3,300 ఏళ్లా?

ఇద్దరు_పిల్లల_అమ్మ
మీ మాట శాస్త్రపరంగా సరే కానీ, ఎనిమిదేళ్ల పిల్లకి "అది పరిస్థితులను బట్టి ఉంటుంది" అంటే ఏం ఎక్కుతుందండీ? మా చిన్నది ఆ 450 విన్నాకే రేపర్లు కింద పడేయడం మానేసింది. అంకె గుర్తుంటుంది, పరిస్థితులు గుర్తుండవు. పట్టికను అంత చిన్నచూపు చూడకండి.

సూక్ష్మలోకం
చిన్నచూపు కాదమ్మా. చెత్త వేయకూడదనే అలవాటుకు భయం పనికొస్తుంది, కాదనను. అయితే ఆ అలవాటు నేర్పడం వేరు, కుళ్లడం అంటే ఏమిటో నేర్పడం వేరు. పైగా పట్టికకు ఇంకో చెడ్డ ఫలితం ఉంది. "తొక్క రెండు వారాల్లో పోతుందిగా" అని పిల్లలు దాన్ని నిశ్చింతగా విసిరేస్తారు. ఎండిన గట్టు మీద పడిన తొక్క నల్లబడి, తోలులా బిగుసుకుపోయి నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది.

పాత_లెక్కల_మాస్టారు
మధ్యేమార్గం ఒకటి చెబుతాను. అంకెలు వద్దు, వరుస చాలు. పది వస్తువులు ముందుంచి, ఏది ముందు మాయమవుతుందో, ఏది చివరిదాకా మిగులుతుందో పిల్లలనే పేర్చమనండి. కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. పాతింది తవ్వి తీసినప్పుడు ఆ వరుసలో ఏది తారుమారైందో చూసుకోవడంలోనే పాఠమంతా ఉంది. ఊహ ముందే కట్టని పిల్లవాడు తవ్వినప్పుడు మట్టిని మాత్రమే చూస్తాడు.

ఐదోక్లాసు_టీచర్
మాస్టారూ, ఇది రేపే మొదలుపెడతాను. సూక్ష్మలోకం గారూ, అసలు లోపల ఏం జరుగుతుందో పదేళ్లవాళ్లకు చెప్పేలా చెప్పగలరా? "మట్టి తినేస్తుంది" అంటున్నారు మావాళ్లు.

సూక్ష్మలోకం
మట్టి తినదు, మట్టిలో ఉన్నవాళ్లు తింటారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

బ్యాక్టీరియాకు, బూజుకు నోరు లేదు. అందుకే తిండిని ఒంటి బయటే అరిగించుకుంటాయి. ఎంజైమ్ అనే రసాలు బయటకు వదులుతాయి, అవి పెద్ద అణువుల గొలుసులను చిన్న ముక్కలు చేస్తాయి, ఆ ముక్కలను లోపలికి పీల్చుకుంటాయి. కాగితం, నూలు రెండూ ప్రధానంగా సెల్యులోజ్. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ పూసల దండ. పిండి పదార్థం కూడా గ్లూకోజ్ దండే, కాకపోతే పూసలు గుచ్చిన తీరు వేరు. ఆ తేడా వల్లే మన ఒంట్లోని ఎంజైమ్‌లు పిండిని తెంచగలవు, కాగితాన్ని తెంచలేవు. బూజుకు ఆ కత్తెర ఉంది.

కొయ్యలో సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దాన్ని బాగా విప్పగలిగేవి ప్రధానంగా వైట్ రాట్ అనే రకం శిలీంధ్రాలు. అందుకే ఆకు త్వరగా పోతుంది, మోడు ఏళ్ల తరబడి ఉంటుంది. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ మిగిలే ఉంటుంది, ఎండకు పసుపెక్కేది దానివల్లే.

ఇక పాలిథీన్. అందులో కార్బన్‌కు కార్బన్ తగిలించిన పొడవాటి గొలుసు, దానికి అంటుకున్న హైడ్రోజన్ తప్ప మరేమీ లేదు. ఎంజైమ్ పట్టుకుని తెంచడానికి ఆక్సిజనో నైట్రోజనో ఉన్న ముడి దొరకదు. గొలుసేమో కణంలోకి దూరలేనంత పెద్దది. తినేవాళ్లకు ఇది తిండి అని తెలియదన్నట్టు.

ఈ పని జరగాలంటే తడి, వెచ్చదనం, గాలి, కాస్త నైట్రోజన్ కావాలి. ఒక్కటి లేకున్నా బండి ఆగుతుంది లేదా నత్తనడక నడుస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. మితిమీరిన వేడిలో అది వర్తించదు.

రెండో_బెంచీ
డెన్మార్క్‌లో దొరికిన టోలండ్ మనిషి అనే పాతకాలపు శవం బొమ్మ చూపించండి టీచర్ గారూ. 1950లో బురదనేలలో దొరికాడు. సుమారు 2,400 ఏళ్లు గడిచినా గడ్డపు మొలకలు కనిపిస్తాయి, నెత్తిన తోలు టోపీ అలాగే ఉంది. ఆ నేలలో నీళ్లకు లోటు లేదు, గాలి లేదు, ఆమ్లం ఎక్కువ, చలి. "తడి ఉంటే చాలు" అనుకునే పిల్లలకు ఇది అడ్డుకట్ట. చిన్నపిల్లలు జడుసుకుంటారనుకుంటే టోపీ బొమ్మ ఒక్కటే చూపించండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
అయితే చెత్తకుప్పలో పాతిపెట్టిన కాగితం కూడా అలాగే ఉంటుందా?

రెండో_బెంచీ
చాలావరకు అవునండీ. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే 1973లో గార్బేజ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. పురావస్తు శాస్త్రవేత్తలు పాత నగరాలను తవ్వినట్టు వీళ్లు చెత్త పూడ్చిన గుట్టలను తవ్వారు. దశాబ్దాల కిందటి వార్తాపత్రికలు చదవడానికి వీలుగా దొరికాయి. ఆ పేపర్ తేదీ చూసే ఆ పొర ఎప్పటిదో లెక్కకట్టేవారు. అదిమి అదిమి పూడ్చిన గుట్టలో గాలి ఆడదు, చాలాచోట్ల తడీ ఉండదు. పట్టికలోని 6 వారాల పేపర్ ఇదే మరి :)

ఇద్దరు_పిల్లల_అమ్మ
సరే, పట్టికకు ఇక వకాల్తా పుచ్చుకోను. కానీ ఆ పేపర్ కథ మటుకు పట్టిక పక్కనే రాసి పెడతా. అంకె కూడా ఉండాలి నాకు.

మట్టిచేతులు
బడి తోటలు చూసుకుంటాను, ఈ ప్రయోగం తరచూ చేయిస్తుంటాను. అసలు సంగతికి వస్తాను.

మట్టి: సంచుల్లో అమ్మే కుండీ మిశ్రమం వద్దు, అందులో చాలాసార్లు జీవం తక్కువ. చెట్టు కింద రాలిన ఆకుల అడుగు మట్టి తెచ్చుకోండి. పిడికిట ముద్ద చేస్తే నిలవాలి, నీళ్లు కారకూడదు. అంతకంటే తడిగా ఉంటే గాలి ఆడక కంపు కొడుతుంది.

లోతు 8 నుంచి 10 సెంటీమీటర్లు. ఇంకా లోతుకు వెళితే గాలి తగ్గుతుంది, పైపైన పెడితే ఎండిపోతుంది.

వస్తువులన్నీ ఒకే కొలత ముక్కలుగా కత్తిరించండి. అందరూ మరిచేది ఇదే. పెద్ద అట్టముక్కనూ చిన్న కాగితాన్నీ పక్కపక్కన పాతి, అట్ట ఆలస్యమైందంటే దేనివల్ల అని చెబుతారు? ప్రతి ముక్కనూ ప్లాస్టిక్ వల సంచిలో వేసి, దారానికి చీటీ కట్టి దారం కొస పైకి వదలండి. సంచి లేకుండా పాతితే తవ్వేటప్పుడు ముక్క కుళ్లిందో, కనిపించక వదిలేశామో తెలియదు. చీటీ కాగితం కాకూడదని వేరే చెప్పాలా!

ఏవి పాతాలంటే, పచ్చి ఆకు, ఎండుటాకు, వార్తాపత్రిక, మెరుపు పూత ఉన్న పత్రిక కాగితం, అట్ట, తెల్లటి నూలు గుడ్డ, పాలియెస్టర్ గుడ్డ, ఉన్ని పోగు, పుల్ల, కాగితపు కప్పు, ప్లాస్టిక్ సంచి, అల్యూమినియం రేకు, ఇనుప మేకు. గాజు పిల్లల చేతికి వద్దు, నున్నని గోళీ పెట్టండి.

వీటిలో నాకు ఇష్టమైనవి రెండు. ఒకటి పాత నూలు బనియను. నూలంతా చివికిపోయి కుట్టు దారాలు, అంచు పట్టీ, లోపలి చీటీ మాత్రం బనియను ఆకారంలోనే మిగులుతాయి, ఎందుకంటే అవి తరచుగా పాలియెస్టర్. కెనడాలోనూ స్విట్జర్లాండ్‌లోనూ ఇలా నూలు లోదుస్తులు రెండు నెలలు పాతించి నేలలో జీవం ఎంతుందో చూసే కార్యక్రమాలే నడిచాయి. లోదుస్తులు అనగానే క్లాసులో గంటసేపు నవ్వులే, పాఠం మాత్రం మర్చిపోరు. రెండోది కాగితపు కప్పు. కాగితం పోయి లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర కప్పు రూపంలోనే బయటికొస్తుంది. "కాగితం కప్పు" అని పేరు పెట్టిన వస్తువులో ఇంకేదో ఉందని ఏ పట్టికా చెప్పదు.

నిశ్శబ్ద_పాఠకుడు
కప్పు సంగతికి అన్నాళ్లు ఆగక్కర్లేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున వేళ్లతో నులిమితే కాగితం గుజ్జై ఊడి పొర చేతికొస్తుంది.

పాత_లెక్కల_మాస్టారు
మట్టిచేతులు గారూ, పోల్చడానికి రెండో డబ్బా ఏది? అన్నీ ఒకే డబ్బాలో పాతితే వస్తువుల మధ్య తేడా తెలుస్తుంది, కారణం తెలియదు.

మట్టిచేతులు
నేను పొడి ఇసుక డబ్బా పెడతానండీ.

పాత_లెక్కల_మాస్టారు
ఇసుకా మారింది, తడీ మారింది. రెండు మార్చి ఒక జవాబు అడిగినట్టైంది. అదే మట్టిని ఎండలో బాగా ఆరబెట్టి ఒక డబ్బాలో వేయండి, తడిమట్టి ఇంకో డబ్బాలో. అప్పుడు మారింది తడి ఒక్కటే.

మట్టిచేతులు
ఒప్పుకోక తప్పేలా లేదు. వీలున్నవాళ్లు మూడోది కూడా పెట్టండి. తడిమట్టిలో కాగితపు ముక్కలతో పాటు పచ్చి గడ్డి కలిపి వేయాలి. కాగితంలో కార్బన్ ఉంది కానీ నైట్రోజన్ దాదాపు లేదు, పచ్చి గడ్డి ఆ లోటు తీరుస్తుంది. కంపోస్ట్ చేసేవాళ్లు కార్బన్ 30 పాళ్లకు నైట్రోజన్ 1 పాలు ఉండేలా చూసుకునేది ఇందుకే.

నిశ్శబ్ద_పాఠకుడు
సీసాలో తడిమట్టి, ఆకులు వేసి మూతికి బెలూన్ తగిలిస్తే, కుళ్లేటప్పుడు వచ్చే గాలికి ఉబ్బుతుందా? చాలా వీడియోల్లో అలాగే చూపిస్తారు.

సూక్ష్మలోకం
చాలాసార్లు ఉబ్బదు, పిల్లలు నిరాశపడతారు. గాలి ఆడుతూ కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటే దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. లోపలి గాలి ఘనపరిమాణం మారదు. ఆక్సిజన్ అయిపోయి పులియడం మొదలైతేనే బెలూన్ లేస్తుంది, అప్పుడు మీరు చూపిస్తున్నది వేరే ప్రక్రియ. మీథేన్, హైడ్రోజన్ కూడా ఉండొచ్చు కాబట్టి దగ్గర నిప్పు ఉండకూడదు.

దానికన్నా సున్నపు తేట నయం. మూత ఉన్న వెడల్పాటి సీసాలో తడిమట్టి, ఆకులు వేసి, వాటి మీద చిన్న గిన్నెలో సున్నపు తేట పెట్టి మూత బిగించండి. పక్కన ఖాళీ సీసాలో అలాంటి గిన్నే ఇంకొకటి. కుళ్లుతున్న సీసాలోని గిన్నె మీద ముందుగా తెల్లటి మీగడ కడుతుంది, అది కాల్షియం కార్బొనేట్. సున్నపు తేట కళ్లకూ చర్మానికీ మంట, పోసేది పెద్దవాళ్లే.

ఐదోక్లాసు_టీచర్
దీనివల్ల ఇంకో ముడి విప్పొచ్చనిపిస్తోంది. "కుళ్లిన ఆకు ఎక్కడికి పోయింది?" అంటే క్లాసంతా ఒకే గొంతుతో "మట్టి అయిపోయింది" అన్నారు.

సూక్ష్మలోకం
నేను పిల్లలకు ఒక్క సంగతే చెప్పాలంటే ఇదే చెబుతాను. ఆకులోని కార్బన్‌లో ఎక్కువ భాగం మట్టి కాదు, గాలిలోకి పోతుంది. కొంత సూక్ష్మజీవుల ఒళ్లు అవుతుంది, కొంత నల్లటి సేంద్రియ పదార్థంగా నేలలో ఉంటుంది, ఖనిజాలు నీటితో వేళ్లకు చేరతాయి. ఎరువుకుప్ప కుంచించుకుపోవడానికి కారణం సర్దుకోవడం ఒక్కటే కాదు, కుప్పలో కొంత నిజంగానే గాలైపోయింది.

తిరగేసి చెప్పడానికి వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ప్రయోగం ఉంది. 17వ శతాబ్దంలో కుండీలో విల్లో మొక్క నాటి 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 164 పౌండ్లు పెరిగింది, మట్టి తగ్గింది 2 ఔన్సులు. నీళ్లే చెట్టయ్యాయనుకున్నాడు పాపం. గాలి నుంచి వచ్చిన కార్బన్ సంగతి ఆయనకు తెలియదు. చెట్టు గాలి నుంచి కట్టుకున్నదాన్ని బూజు మళ్లీ గాలికే విప్పి ఇస్తోందని గీసి చూపిస్తే పదేళ్లవాళ్లకు బాగానే అందుతుంది.

రెండో_బెంచీ
ఒక పక్కదారి ప్రశ్న. "బయోడీగ్రేడబుల్", అంటే జీవులు కుళ్లబెట్టగలిగేది అని ముద్రించిన సంచిని కూడా ఆ డబ్బాలో పాతొచ్చా?

సూక్ష్మలోకం
తప్పకుండా పాతండి. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో నాపర్, థాంప్సన్ అనే పరిశోధకులు ఇదే పని చేసి 2019లో ప్రచురించారు. రకరకాల సంచులను 3 ఏళ్లు మట్టిలో, సముద్రంలో, ఆరుబయట ఉంచారు. "బయోడీగ్రేడబుల్" సంచి మట్టిలోనూ సముద్రంలోనూ 3 ఏళ్ల తర్వాత కూడా సామాను మోసింది. "కంపోస్టబుల్" సంచి సముద్రంలో 3 నెలల్లో కనుమరుగైంది, మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది కానీ బరువు వేస్తే చిరిగింది. ఆరుబయట పెట్టినవన్నీ 9 నెలల్లో ముక్కలయ్యాయి. అది ఎండ పని. ముక్కలవడం వేరు, జీవులు తినేయడం వేరు.

కంపోస్టబుల్ అన్న ముద్రకు అర్థం ఫ్యాక్టరీ కంపోస్ట్ కేంద్రంలో కుళ్లుతుందని. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం 6 నెలల్లో అందులోని కార్బన్ 90 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి, కానీ ఆ పరీక్ష 58 డిగ్రీల దగ్గర జరుగుతుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ మొక్కల నుంచి వచ్చినదే, అయినా మెత్తబడాలంటే సుమారు 60 డిగ్రీలు కావాలి. పెరటి మట్టికి ఆ వేడి ఎక్కడిది?

ఇద్దరు_పిల్లల_అమ్మ
మరి ప్లాస్టిక్‌ను తినే పురుగు కనిపెట్టారని వార్తల్లో వస్తుంటుందే. మా పెద్దవాడు "ఇక బాధ లేదు" అని తేల్చేశాడు.

సూక్ష్మలోకం
పురుగుల మీదా పరిశోధనలున్నాయి కానీ ఎక్కువగా వినబడేది ఒక బ్యాక్టీరియా. జపాన్‌లోని సకాయిలో సీసాలు రీసైకిల్ చేసే చోట దొరికిందని 2016లో ప్రకటించారు. ఇడియోనెల్లా సకాయెన్సిస్ దాని పేరు. అది తెంచేది పెట్‌ను. ఎందుకంటే పెట్ గొలుసులో ఆక్సిజన్ ఉన్న ఎస్టర్ అనే ముడులున్నాయి, పైన చెప్పిన "పట్టుకునే చోటు" అదే. పాలిథీన్‌కు ఆ ముడి లేదు. ఇది కూడా 30 డిగ్రీల దగ్గర పల్చటి పొరను తినడానికి వారాలు తీసుకుంది, గట్టి సీసా ఇంకా కష్టం. పెద్దవాడికి చెప్పండి, బాధ ఇంకా ఉందని :)

పాత_లెక్కల_మాస్టారు
ఇంకొకటి. మేకు తుప్పు పడితే పిల్లలు "ఇదీ కుళ్లింది" అంటారు. అది ఆక్సిజన్, నీటితో జరిగే రసాయన చర్య, తినేవాడు అక్కర్లేదు. స్టార్చ్‌తో చేసిన ప్యాకింగ్ బెండు నీళ్లలో వేయగానే కరుగుతుంది, అదీ కుళ్లడం కాదు. కరగడం, తుప్పు, ముక్కలవడం, కుళ్లడం అని నాలుగు గడులు గీసి, తవ్వి తీసిన ప్రతిదాన్నీ ఒక గడిలో పెట్టమనండి. గోళీ ఏ గడిలోనూ పట్టదు, పట్టదని వాళ్లే చెప్పాలి.

ఉబ్బసం_ఉన్న_బాబు_నాన్న
బూజు చూపించే వాళ్లందరికీ ఒక మనవి. బిగించిన సీసా మూత క్లాసులో తీయకండి. బూజు రేణువులు ఉబ్బసం ఉన్న పిల్లలకు చాలా ఇబ్బంది. మాంసం, పాల పదార్థాలు అసలు వద్దు. చేతికి గాయం ఉన్నవాళ్లకు గ్లౌజులు, అందరూ సబ్బుతో చేతులు కడగాలి. తవ్వేది ఆరుబయటే, పొడి మట్టి లేవకుండా కాస్త నీళ్లు చల్లి.

మట్టిచేతులు
మంచిమాట. ఎరువుకుప్పను తిరగేసే రోజు కూడా ఉబ్బసం ఉన్న పిల్లలను గాలి వచ్చే వైపునే నిలబెడతాను, కుప్ప మీది గాలి వాళ్ల మీదికి రాకుండా.

ఐదోక్లాసు_టీచర్
అందరికీ ధన్యవాదాలు. అనుకున్నది ఇదీ. ముందు వరుస పేర్చి సంతకాలు. తర్వాత తడిమట్టి, ఆరిన మట్టి, గడ్డి కలిపిన మట్టి, మూడు డబ్బాలు. బనియను బయట తోటలో. ఒక్క అనుమానం మిగిలింది. బరువు తూచాలా, చూపుతో సరిపెట్టాలా? వానపాములు కూడా సంచిలో దూరి తినేస్తే అది బూజు పని కాదు కదా?

మట్టిచేతులు
చిన్నపిల్లలకు చూపు చాలు, ఫొటో తీసి పక్కన స్కేలు పెట్టండి. తూచేటట్టైతే పాతే ముందు, తవ్విన తర్వాత రెండుసార్లూ బాగా ఆరబెట్టి, మట్టి బ్రష్‌తో దులిపి తూచాలి. తడి గుడ్డను తూస్తే కుళ్లాక బరువు పెరిగిందని వస్తుంది. నీళ్లతో కడగొద్దు, చివికిన పోగులు కొట్టుకుపోతాయి.

వానపాముల సంగతి తేలాలంటే రెండు రకాల వల సంచులు వాడండి. 1 మిల్లీమీటరు కన్నా సన్నటి కన్నాలున్న వలలోకి పెద్ద వానపాములు రావు, బ్యాక్టీరియా, బూజు దూరతాయి. పెద్ద కన్నాల వలలో అందరూ వస్తారు. రెండు సంచుల్లోనూ ఒకే చెట్టు ఆకులు, ఒకే బరువు, పక్కపక్కనే పాతాలి. పెద్ద కన్నాల సంచిని తీసేటప్పుడు కింద చేయి పెట్టి ఎత్తండి, లేకపోతే ముక్కలు జారిపోయి అవి కూడా వానపాముల ఖాతాలో పడతాయి.